తలుపు కన్నా ముందు గోడలో ఖాళీ

పదకొండేళ్లుగా ఇళ్ల డ్రాయింగుల్లో తలుపులు గీస్తున్నాను. ఒక గీత, దానికి ఆనుకుని ఒక పావు వృత్తం. ప్లాన్‌లో, అంటే ఇంటిని పైనుంచి చూసే బొమ్మలో, తలుపంటే అంతే. గీతలు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో దానికో బ్లాక్, అంటే సిద్ధంగా ఉన్న బొమ్మ, ఉంటుంది. గోడ గీతలు రెండూ కత్తిరించి (ట్రిమ్ చేసి) మధ్యలో బ్లాక్ పెట్టేస్తే పని అయిపోయినట్టే. ఆ తలుపు కొంచెం పక్కకు జరగాలంటే మాత్రం బ్లాక్ జరపాలి, పాత చోట గోడ గీతలు కలపాలి, కొత్త చోట కత్తిరించాలి. అదే పని ఎలివేషన్‌లో (గోడను ఎదురుగా చూసే బొమ్మ) మళ్లీ, సెక్షన్‌లో (ఇంటిని నిలువుగా కోసి చూపే బొమ్మ) మళ్లీ. తలుపుల పట్టికలో అంకె కూడా మార్చాలి. నాలుగు చోట్ల చెయ్యాల్సింది మూడు చోట్ల చేసి నాలుగోది మర్చిపోతే ఏమవుతుందో నాకు అనుభవమైంది. మెట్ల పక్క కిటికీని ప్లాన్‌లో 450 మి.మీ జరిపాను, ఎలివేషన్‌లో జరపలేదు. ప్లాన్ చూసి గోడ కట్టినవాళ్లు ఒకరు, ఎలివేషన్ చూసి లింటెల్ (కిటికీ పైన అడ్డంగా వచ్చే కాంక్రీటు దూలం) పోసినవాళ్లు ఇంకొకరు. సంగతి బయటపడేసరికి కాంక్రీటు గట్టిపడిపోయింది. ఆ రోజు సాయంత్రమే నిర్ణయించుకున్నాను, బిమ్ నేర్చుకోవాల్సిందే అని.

బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) అంటే భవనాన్ని గీతలుగా కాకుండా వస్తువులుగా కంప్యూటర్‌లో కట్టడం. గోడ గోడగానే ఉంటుంది, కిటికీ కిటికీగానే ఉంటుంది. ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ అన్నీ ఆ ఒక్క మోడల్ నుంచే వస్తాయి. ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఒక చోట మారిస్తే అన్ని డ్రాయింగులూ వాటంతట అవే మారాలని అమెరికన్ ప్రొఫెసర్ చార్లెస్ ఈస్ట్‌మన్ 1970ల మధ్యలోనే రాశారు. ఇప్పుడు ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు రెవిట్, ఆర్కిక్యాడ్. రెవిట్ మొదటి వెర్షన్ 2000లో వచ్చింది, 2002లో ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ దాన్ని కొనుక్కుంది. ఆర్కిక్యాడ్ హంగేరీకి చెందిన గ్రాఫిసాఫ్ట్ వాళ్లది, ఇంకా పాతది. నేను ఈ రెండూ కాకుండా ఫ్రీక్యాడ్‌తో మొదలుపెట్టాను. అది ఓపెన్ సోర్స్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లైసెన్స్ గడువు టెన్షన్ ఉండదు. రాత్రి పదింటికి తెరిచి అరగంట కూర్చున్నా, నెల రోజులు తెరవకపోయినా పోయేదేమీ లేదు. నేర్చుకునేవాళ్లకు ఈ నిదానం చాలా అవసరం. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో బిమ్ పనిముట్లన్నీ అందులోనే కలిపి ఇచ్చారు, విడిగా యాడ్ఆన్ ఎక్కించుకోవాల్సిన పని లేదు.

మొదటి సాయంత్రం ఒక గోడ కట్టాను. పొడవు 4 మీటర్లు, మందం 200 మి.మీ, ఎత్తు 3 మీటర్లు. రెండు క్లిక్కులు, గోడ లేచి నిలబడింది. తర్వాత విండో టూల్ నొక్కాను. తలుపులకు, కిటికీలకు కలిపి అక్కడ ఒకటే టూల్ ఉంటుంది. పక్కన ప్రీసెట్ల, అంటే సిద్ధంగా ఉన్న నమూనాల, జాబితా వస్తుంది: కదలని కిటికీ, ఒక రెక్క కిటికీ, రెండు రెక్కల కిటికీ, పక్కకు జరిగే కిటికీ, మామూలు తలుపు, గాజు తలుపు, ఇలా. మామూలు తలుపు ఎంచుకుని, తెర మీద ఖాళీగా ఉన్న చోట క్లిక్ చేసి, తర్వాత మూవ్ చేసి గోడలోకి తెచ్చాను. చూడటానికి బాగానే ఉంది. గోడను పారదర్శకంగా మార్చి చూస్తే అసలు సంగతి తెలిసింది. తలుపు గోడ లోపల ఉంది, కానీ గోడలో ఖాళీ పడలేదు. కాంక్రీటు దిమ్మలో తలుపును పాతిపెట్టినట్టుంది.

సుమారు గంటసేపు గోడ వైపే చూశాను. గోడలో ఏదో సెట్టింగ్ ఉంటుందని, దాన్ని కత్తిరించే టూల్ వేరే ఉంటుందని వెతికాను. విషయం గోడలో లేదు, తలుపులో ఉంది. తలుపును సెలెక్ట్ చేసి ప్రాపర్టీలు చూస్తే 'హోస్ట్స్' అని ఒక వరస ఉంది, అది ఖాళీగా ఉంది. తాను ఏ గోడకు చెందిందో ఆ తలుపుకు తెలియదు. అందులో గోడ పేరు పెట్టగానే ఖాళీ పడింది. తర్వాత తెలిసింది, మొదట్లోనే గోడ ముఖం మీద క్లిక్ చేసి తలుపు పెట్టి ఉంటే ఈ హోస్ట్ తనంతట తానే నిండేదని.

అప్పుడు తలుపును ఒక మీటరు పక్కకు జరిపాను. కొత్త చోట ఖాళీ పడింది. పాత చోట గోడ మూసుకుపోయింది. నేను ఒక్క గీత కూడా ముట్టుకోలేదు. పదకొండేళ్లు ట్రిమ్, ఎక్స్‌టెండ్ చేసిన చేతులతో అది చూస్తూ ఉండిపోయాను. ముందుకు, వెనక్కి, పైకి, కిందికి ఓ ఇరవై సార్లు జరిపి ఉంటాను.

బిమ్ ఫైళ్లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కు పంపడానికి ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫార్మాట్ ఉంది. బిల్డింగ్‌స్మార్ట్ అనే సంస్థ దాన్ని చూసుకుంటుంది, 2013లో దాని ఐఎఫ్‌సీ4 వెర్షన్ ఐఎస్ఓ 16739 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో గోడకు, తలుపుకు నేరుగా సంబంధం ఉండదు. మధ్యలో 'ఓపెనింగ్ ఎలిమెంట్' అనే మూడో వస్తువు ఉంటుంది, అంటే ఖాళీ. ఖాళీ గోడను తొలుస్తుంది, తలుపు ఆ ఖాళీని నింపుతుంది. తొలవడం ఒక సంబంధం, నింపడం ఇంకో సంబంధం. ఇది చదివినప్పుడు నాకు చాలా చిక్కుముడులు విడిపోయాయి. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇక్కడ దానికీ ఒక పేరు, ఒక కొలత, ఒక చోటు ఉన్నాయి. తలుపు లేకుండా వదిలేసే దారి అయితే ఖాళీ ఒక్కటే ఉంటుంది, దాన్ని నింపేదేమీ ఉండదు. గోడ కట్టేవాళ్లకు కావాల్సింది ఖాళీ కొలత. చెక్క పని చేసేవాళ్లకు కావాల్సింది తలుపు కొలత. ఈ రెండూ వేరు.

వేరని నాకు గట్టిగా చెప్పింది మాత్రం సాఫ్ట్‌వేర్ కాదు, మాతో పని చేసే వడ్రంగి మేస్త్రిగారు. మొదటి మోడల్ నుంచి తీసిన షీటు ఆయనకు చూపించాను. కాసేపు చూసి, "అమ్మా, ఈ 900 దేనిది? గోడలో ఖాళీదా, ద్వారబంధానిదా, రెక్కదా?" అన్నారు.

"తలుపుదండీ," అన్నాను.

"తలుపంటే మూడు కొలతలమ్మా. ఏదో ఒకటి చెప్పండి, మిగతావి నేను కట్టుకుంటాను. ఏది అన్నది చెప్పకపోతే మాత్రం నేను ఒకటి అనుకుంటాను, గోడ మేస్త్రి ఇంకొకటి అనుకుంటాడు."

ఆ రోజు ఆయన కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇప్పటికీ నా డెస్క్ మీద ఉంది. గోడలో ఖాళీ 1000 మి.మీ అనుకుందాం. ద్వారబంధం బిగించి సరిచెయ్యడానికి అటు 10, ఇటు 10 సందు వదలాలి. అంటే ద్వారబంధం బయటి కొలత 980. నిలువు కర్రలు ఒక్కొక్కటి 60 అయితే లోపలి కొలత 860. రెక్క కూర్చోవడానికి కర్రలో 15 మి.మీ లోతు గాడి తీస్తారు కాబట్టి రెండు వైపులా కలిపి 890. అందులో రెక్క ఆడటానికి చెరో 3 మి.మీ సందు పోతే రెక్క వెడల్పు 884. ఇక్కడితో అయిపోలేదు. రెక్క 35 మి.మీ మందం ఉంటే, 90 డిగ్రీలు తెరిచినప్పుడు ఆ మందంలో కొంత దారిలోకే వచ్చి నిలబడుతుంది. మనిషి నడవడానికి నిజంగా మిగిలేది 840 మి.మీ దగ్గర. వెయ్యితో మొదలుపెట్టి ఎనిమిది వందల నలభైకి వచ్చాం. చక్రాల కుర్చీ వెళ్లాల్సిన దారికి ప్రమాణాలు అడిగేది ఈ ఆఖరి కొలతనే. అమెరికా ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాల్లో కనీసం 32 అంగుళాలు, దాదాపు 815 మి.మీ అన్నది కూడా రెక్క తెరిచాక మిగిలే దారి గురించే. ద్వారబంధం బయటి కొలత 900 పెట్టేసి సరిపోతుందిలే అనుకుంటే అక్కడ మిగిలే దారి ఆ కొలతకు చాలదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో వెడల్పు అని అడిగే ఆ ఒక్క గడి ఈ కొలతల్లో ఏది? ఫ్రీక్యాడ్ ప్రీసెట్లలో అది ద్వారబంధం బయటి కొలత, గోడలో పడే ఖాళీ కూడా అంతే. బిగించే సందుకు అందులో చోటు లేదు. రెవిట్‌లో తలుపు ఫ్యామిలీలకు (తలుపు నమూనాలకు) వెడల్పు, ఎత్తుతో పాటు 'రఫ్ విడ్త్', 'రఫ్ హైట్' అని విడిగా పారామీటర్లు, అంటే కొలతల గడులు, ఉంటాయి, అవి ఈ ఖాళీ కోసమే. ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఇదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. వెడల్పు దగ్గర 1000 పెట్టి, తర్వాత టేపు టూల్‌తో నాలుగు చోట్లా కొలిచి చూడండి. గోడలో ఎంత ఖాళీ పడింది, చట్రం బయటికి ఎంత ఉంది, లోపలికి ఎంత ఉంది, రెక్క ఎంత ఉంది. అయిదు నిమిషాల పని.

కొలతల గురించే ఇంకో చిన్న మాట. నోటితో మేం అడుగులు మాట్లాడతాం, డ్రాయింగులో మిల్లీమీటర్లు రాస్తాం. మూడడుగుల తలుపు అని 900 వేస్తాం. నిజానికి మూడడుగులు 914.4 మి.మీ, ఏడడుగులు 2133.6. గీతల్లో ఈ తేడా ఎవరికీ కనబడదు. మోడల్‌లో కొన్ని తలుపులకు 7 అడుగులు అని, కొన్నిటికి 2100 అని కొట్టాను. సాఫ్ట్‌వేర్ రెండూ తీసుకుంది. లింటెల్ కింది అంచు మాత్రం ఒకే వరసలో లేదు, 33.6 మి.మీ మెట్టు వచ్చింది. అప్పటి నుంచి మొత్తం మిల్లీమీటర్లే.

ప్రీసెట్లతో రెండు వారాలు గడిచాక సొంత తలుపు చేసుకోవాలనిపించింది. కింద చెక్క పలక, పైన గాజు, మధ్యలో తాళం వచ్చే అడ్డకర్ర. ఫ్రీక్యాడ్‌లో దీనికి ముందు స్కెచ్ గీయాలి. బయటి దీర్ఘచతురస్రం, దాని లోపల ఇంకోటి, ఈ రెండిటి మధ్య భాగం చట్రం అవుతుంది. రెక్కకూ అలాగే. ప్రతి మూసిన ఆకారం ఒక వైర్. ఏ వైర్లు కలిపి ఏ భాగమో, అది చట్రమా, చెక్క పలకా, గాజు పలకా, లూవరా (వాలు పట్టీల పలకా), మందం ఎంత, గోడలో ఎంత లోపలికి ఉండాలి అన్నవి ఒక్కొక్కటిగా చెప్పాలి. ఇక్కడే బిగించే సందు సమస్య కూడా తీరింది. చట్రం కన్నా పది మిల్లీమీటర్లు పెద్దగా బయట ఇంకో దీర్ఘచతురస్రం గీశాను. దాన్ని ఏ భాగానికీ ఇవ్వలేదు. 'హోల్ వైర్' అనే ప్రాపర్టీలో ఆ వైర్ నంబర్ ఇస్తే గోడలో ఖాళీ ఆ కొలతకు పడుతుంది. గోడ ఖాళీకి, చట్రానికి మధ్య సన్నటి సందు మోడల్‌లో మొదటిసారి కనిపించినప్పుడు మేస్త్రిగారి కాగితమే గుర్తొచ్చింది.

గాజు విషయంలో మొదట ఊరికే 5 మి.మీ పెట్టేశాను. రెండు పొరల గాజు అయితే 4 మి.మీ గాజు, 16 మి.మీ సందు, మళ్లీ 4 మి.మీ గాజు కలిపి 24 అవుతుంది. దాన్ని పట్టుకునే చట్రం కూడా అంత మందంగా ఉండాలి. 5 అని గీసిన కిటికీ చట్రంలో 24 కూర్చోదు.

స్కెచ్‌లో కొలతలకు పేర్లు పెట్టుకోవచ్చు. 'విడ్త్', 'హైట్' అని పేర్లు పెడితే తలుపు ప్రాపర్టీల్లో అంకె మార్చగానే స్కెచ్ కూడా మారుతుంది. నాకు బాగా నచ్చిన సదుపాయం ఇది, ఎక్కువ సమయం తిన్నదీ ఇదే. 2100 ఎత్తుకు తలుపు చక్కగా వచ్చింది. ఎత్తు 2400 చేశాను. తాళం కర్ర 300 మి.మీ పైకి లేచి, గొళ్లెం మనిషి భుజం దాకా పోయింది. ఎందుకంటే ఆ కర్ర కొలత నేను పై అంచు నుంచి ఇచ్చాను. గీసేటప్పుడు అది దగ్గరగా ఉంది కాబట్టి అలా ఇచ్చాను, అంతే. తాళం ఎత్తు నేల నుంచి ఉండాలి, తలుపు ఎంత ఎత్తయినా గొళ్లెం నేలకు ఒక మీటరు దగ్గరే ఉండాలి. కర్ర కొలత కింది అంచుకు మార్చాను. వెడల్పు 600కు తగ్గిస్తే నిలువు కర్రలు కూడా సన్నబడ్డాయి. వాటిని శాతంలో కాకుండా 100 మి.మీ అని స్థిరంగా ఇచ్చాను. ప్రతి కొలత దగ్గరా ఆగి, ఇది తలుపుతో పాటు పెరగాలా, ఎప్పుడూ ఇంతే ఉండాలా, ఉంటే దేని నుంచి కొలవాలి అని అడుక్కోవాల్సి వచ్చింది. గీతల్లో ఇన్నేళ్లూ ఆ ప్రశ్న నాకు రాలేదు. రెవిట్ వాడేవాళ్లు దీన్ని ఫ్లెక్స్ చెయ్యడం అంటారు: చిన్న కొలత, పెద్ద కొలత, విచిత్రమైన కొలత ఇచ్చి తలుపు ఎక్కడ విరుగుతుందో చూడటం. గోడలో పెట్టకముందే ఇది చెయ్యాలి. తొమ్మిది తలుపులు పెట్టేశాక విరిగితే తొమ్మిదీ చూసుకోవాలి.

ఆ తొమ్మిది తలుపుల సంగతి చెప్పాలి. మూడు నెలలయ్యాక ఒక చిన్న ఇంటిని మొదటిసారి మొత్తం మోడల్‌లో చేశాను. తొమ్మిది తలుపులు, పద్నాలుగు కిటికీలు. పట్టిక తీసి తలుపులు చేసేవాళ్లకు పంపాను. పట్టికలో కొలతలు సరిగ్గా ఉన్నాయి, సంఖ్య సరిగ్గా ఉంది, ఎడమ తలుపులు ఎన్ని, కుడి తలుపులు ఎన్ని కూడా రాశాను. తలుపులు వచ్చాక చూస్తే రెక్కల్లో బందులు బిగించే గాడులన్నీ ఎదురు వైపు ఉన్నాయి. ఎడమ అన్నవి కుడి అయ్యాయి. తలకిందులు చేసి వాడుకుందామా అంటే కింద వెడల్పుగా ఉండాల్సిన అడ్డకర్ర పైకి పోతుంది, తాళం ఎత్తు మారిపోతుంది. కుదరదు.

వాళ్ల తప్పేమీ లేదు. ఎడమ అనే మాటకు రెండు అర్థాలున్నాయి, నేను ఒక్కటే అనుకున్నాను. తలుపును నెట్టే వైపు నిలబడి చూస్తే బందులు ఎడమన ఉంటే ఎడమ తలుపు, ఇది ఒక పద్ధతి. ఐఎఫ్‌సీలో ఇలాగే ఉంటుంది. జర్మనీ డిన్ ప్రమాణంలో అయితే లాగే వైపు, అంటే బందులు కంటికి కనిపించే వైపు నిలబడి చూడాలి. ఒకే తలుపు ఐఎఫ్‌సీలో ఎడమ, డిన్‌లో కుడి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, నిలబడిన చోటు వేరు. దీన్ని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బావుండేదో. ఇప్పుడు నా పట్టికలో ఎడమ, కుడి అన్న మాటలే లేవు. ప్రతి రకం తలుపుకూ పక్కన ప్లాన్‌లో ఎలా తెరుచుకుంటుందో చిన్న బొమ్మ ఉంటుంది, ఏది లోపల, ఏది బయట అని రాసి ఉంటుంది. ఫ్రీక్యాడ్‌లో 'సింబల్ ప్లాన్' ఆన్ చేస్తే ఆ పావు వృత్తం తనే వేస్తుంది. రెక్క తప్పు వైపు తెరుచుకుంటుంటే తెరిచే దిశను తిప్పే బటన్, బందుల వైపును మార్చే బటన్ రెండూ విడివిడిగా ఉన్నాయి. రెండిటినీ కలిపేసుకుని ఒకదాని బదులు ఇంకోటి నొక్కడం నాకు మొదట్లో చాలాసార్లు జరిగింది. ఇప్పుడు నొక్కేముందు ఆ గదిలోకి నిజంగా నడుస్తున్నట్టు ఊహించుకుంటాను: నెడుతున్నానా, లాగుతున్నానా, స్విచ్చు ఏ చేతి వైపు ఉంది, రెక్క దాన్ని కప్పేస్తోందా.

'ఓపెనింగ్' అని ఇంకో ప్రాపర్టీ ఉంది. సున్నా నుంచి వంద వరకు అంకె ఇస్తే రెక్క అంత శాతం తెరుచుకుంటుంది. ముందు దాన్ని ముచ్చటగా చూపించే బొమ్మ సదుపాయం అనుకున్నాను. ఒక రాత్రి ఊరికే అన్ని తలుపులూ వంద చేసి పైనుంచి చూశాను. స్నానాల గది తలుపు, దాని ఎదురుగా అలమర తలుపు ఒకదానిలోకి ఒకటి దూరిపోయి ఉన్నాయి. ప్లాన్‌లో రెండు పావు వృత్తాలు కొంచెం కలిసినట్టు కనిపించినా అలవాటు పడిన కన్ను దాన్ని దాటేసింది. త్రీడీలో రెండు చెక్క రెక్కలు ఒకదాన్నొకటి కోసుకుంటుంటే దాటెయ్యలేం. ఇంకొకటి కూడా దొరికింది. 300 మి.మీ మందం గోడలో ద్వారబంధాన్ని బయటి అంచుకు పెట్టాను, రెక్క లోపలికి తెరుచుకుంటుంది. అలా పెడితే రెక్క 90 డిగ్రీలకు వచ్చి గోడ పక్క ముఖానికి ఆనుకుని ఆగిపోతుంది. వెనక్కి గోడ వెంట వాలదు. బల్ల, మంచం లాంటివి లోపలికి తేవాలంటే ఇబ్బందే. చట్రాన్ని లోపలి అంచుకు జరిపాక రెక్క పూర్తిగా వెనక్కి వెళ్లింది. గోడ మందంలో చట్రం ఎక్కడ కూర్చుంటుంది అన్నది గీతల్లో నేను ఎప్పుడూ మధ్యలో పెట్టి వదిలేసిన విషయం.

కిటికీల దగ్గర పెద్దగా కష్టపడలేదు, ఒక్క వెంటిలేటర్ దగ్గర తప్ప. సిల్ ఎత్తు, అంటే నేల నుంచి కింది అంచు ఎత్తు, 1800 ఇచ్చి పెట్టాను, ఎలివేషన్‌లో ఉంది, త్రీడీలో ఉంది, ప్లాన్‌లో లేదు. అక్కడ గోడ నిండుగా ఉంది. కిటికీ పాడైందేమో అని తీసేసి మళ్లీ పెట్టాను. మళ్లీ లేదు. ప్లాన్ అంటే ఇంటిని నేల నుంచి ఒక ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూడటం. నా కోత 1200 మి.మీ దగ్గర ఉంది, రెవిట్‌లో కూడా మామూలుగా వచ్చే ఎత్తు ఇదే. 1800 దగ్గర మొదలయ్యే వెంటిలేటర్ ఆ కోతలో పడదు, మోడల్ చెప్పింది నిజమే. చేత్తో గీసేటప్పుడు అలాంటివాటిని చుక్కల గీతలతో చూపిస్తాం, అది మన ఆనవాయితీ. మోడల్‌కు మన ఆనవాయితీ తెలియదు, పై కిటికీలను చుక్కల గీతగా నేనే వేసుకోవాల్సి వచ్చింది. ప్లాన్ అంటే కోత అని చదువుకున్న రోజుల్లోనే చెప్పారు, దాన్ని కంటితో చూసింది మాత్రం ఈ వెంటిలేటర్ వల్ల.

ఒకే రకం కిటికీలు ఆరు ఉంటే ఆరుసార్లు కాపీ చెయ్యకండి. నేను చేశాను. తర్వాత చట్రం మందం మార్చాల్సి వస్తే ఆరింటికీ విడిగా మార్చాను, అందులో ఒకటి మిగిలిపోయింది. మెట్ల కిటికీ కథే మళ్లీ. క్లోన్ చేస్తే అసలుదాన్ని మారిస్తే మిగతావి దాంతో పాటే మారతాయి. రెవిట్‌లో ఇదే పనిని టైప్ పారామీటర్, ఇన్‌స్టెన్స్ పారామీటర్ అని వేరు చేస్తారు. ఆ రకం మొత్తానికి చెందిన విషయం టైప్‌లో, ఆ ఒక్క కిటికీకి చెందిన విషయం ఇన్‌స్టెన్స్‌లో. చట్రం వెడల్పు రకానిది. సిల్ ఎత్తు ఆ ఒక్కదానిది, ఎందుకంటే అదే కిటికీ వంటగదిలో బల్ల పైన రావచ్చు, పడకగదిలో ఇంకా కింద రావచ్చు. పట్టిక కూడా దీని మీదే నిలబడుతుంది. డీ1 రకం తలుపులు ఎన్ని, డబ్ల్యూ2 రకం కిటికీలు ఎన్ని అన్న లెక్క మోడల్ నుంచి వస్తుంది కాబట్టి ఒక కిటికీ తీసేస్తే పట్టికను మళ్లీ తాజా చెయ్యగానే అంకె తగ్గుతుంది. కొన్ని వారాల పాటు నమ్మకం కుదరక పట్టికలో అంకెలను మోడల్‌లో వేలు పెట్టి లెక్కపెట్టి సరిచూశాను. ప్రతిసారీ సరిపోయింది.

రెండో ఇంటి షీటు మేస్త్రిగారికి చూపించినప్పుడు ఆయన ముందు తలుపు బొమ్మలు చూశారు. ఖాళీ, ద్వారబంధం, రెక్క, మిగిలే దారి అని నాలుగు కొలతలు నాలుగు వరసల్లో ఉన్నాయి. కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటీ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ పోయారు. "నేల పూత ఎంత వేస్తారమ్మా?" అని మాత్రం అడిగారు. నేను ఇచ్చిన ఎత్తులు స్లాబు నుంచి ఉన్నాయి. పైన 50 మి.మీ పూత, టైలు వస్తే రెక్క కింద రాసుకుంటుంది. అది నిజంగా మర్చిపోయాను. అన్ని తలుపుల కింది మట్టాన్నీ పూర్తయిన నేల మీదికి మార్చి, లింటెల్ మట్టం కూడా దాంతో పాటు 50 పైకి జరిపి ఆ సాయంత్రమే మళ్లీ పంపాను. మార్చడానికి పది నిమిషాలు పట్టింది, ప్లాన్, ఎలివేషన్, సెక్షన్, పట్టిక నాలుగూ కలిపి.

ఇప్పుడు చేస్తున్నది రెండు పొరల గోడ. బయట ఒక గోడ, మధ్యలో గాలి సందు, లోపల ఒక గోడ. కిటికీ పెడితే బయటి గోడలో ఖాళీ పడింది, లోపలి గోడ అలాగే ఉండిపోయింది. ఈసారి గంటసేపు వెతకలేదు. నేరుగా కిటికీ ప్రాపర్టీల్లోకి వెళ్లి హోస్ట్స్ దగ్గర రెండో గోడ పేరు కూడా చేర్చాను. ఖాళీ లోతు రెండు గోడలూ దాటేలా 'హోల్ డెప్త్' పెంచాను. లోపలి నుంచి చూస్తే బయటి వెలుతురు కనిపించింది.